రూపంపై ఎగతాళి: మనసుకు తగిలిన దెబ్బను కొలవడం

లావు, నలుపు, పొట్టి, బక్క అంటూ మనిషి రూపాన్ని పట్టుకుని చేసే ఎగతాళి మనసు మీద ఎంత ముద్ర వేస్తుందో తెలుసుకోవడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎక్కువగా ప్రశ్నావళులు వాడతారు. వీటిలో బాగా ప్రచారంలో ఉన్నది, అమెరికాలోని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన జె. కెవిన్ థాంప్సన్ బృందం 1995లో ప్రచురించిన ‘పర్సెప్షన్ ఆఫ్ టీజింగ్ స్కేల్’. 1991 నాటి తమ పాత ప్రశ్నావళినే సవరించి దీన్ని తయారుచేశారు. మొత్తం 11 అంశాల్లో 6 లావు గురించినవి, 5 చేతకానితనం గురించినవి. ప్రతి అంశానికీ రెండు ప్రశ్నలుంటాయి: ఇలా ఎంత తరచుగా జరిగింది, జరిగినప్పుడు ఎంత బాధ కలిగింది? రెండింటికీ 1 నుంచి 5 వరకు అంకెలు వేయాలి. ఎన్నడూ జరగలేదన్నవారికి రెండో ప్రశ్న ఉండదు.

ఈ కొలమానం అసలు విలువ ఆ రెండు ప్రశ్నలను విడదీయడంలోనే ఉంది. క్లాసులో రోజూ ‘బొండాం’ అని పిలిపించుకునే ఒక పిల్ల మొదటిదానికి 5, రెండోదానికి 1 వేసిందనుకుందాం. పెళ్లింట్లో చుట్టాలందరి ముందు ఎప్పుడో ఒక మాట పడ్డ మరో పిల్ల 2, 5 వేసింది. రెండు అంకెలూ కూడితే ఒకరికి 6, ఇంకొకరికి 7. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే పరిస్థితి అనిపిస్తుంది. విడిగా చూస్తేనే ఎవరికి తోడు కావాలో తెలుస్తుంది. మొదటి పిల్ల వేసిన 1ని కూడా వెంటనే నమ్మేయకూడదు. బాధను ఒప్పుకోవడమే చిన్నతనం అనుకునే వయసు అది.

బాధకు కారణం మాటలు కావు, ఒళ్లే అన్నది తరచుగా వినిపించే అభ్యంతరం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 31 పాఠశాలల్లో 4,746 మంది విద్యార్థులపై జరిగిన అధ్యయనం (2003) దీనికి గట్టి జవాబే ఇచ్చింది. అక్కడ తోటివారు లావు గురించి ఏడిపించారని అమ్మాయిల్లో 30 శాతం, అబ్బాయిల్లో దాదాపు 25 శాతం చెప్పారు. ఇంట్లోవాళ్లే ఏడిపించారని చెప్పినవారు అమ్మాయిల్లో సుమారు 29 శాతం, అబ్బాయిల్లో 16 శాతం. అసలు బరువును లెక్కలోకి తీసుకున్నాక కూడా ఎగతాళికి ఆత్మగౌరవం తగ్గడంతో, కుంగుబాటుతో, ఆత్మహత్య ఆలోచనలతో సంబంధం కనిపించింది. కుంగిపోయినవారికి చేదు జ్ఞాపకాలే ఎక్కువ గుర్తుంటాయి కదా అన్నది మరింత బలమైన అభ్యంతరం. ఒక్కసారి అడిగి వదిలేసే సర్వేకు అది నిజంగా వర్తిస్తుంది. అందుకే ఏళ్లపాటు వెంబడించే పరిశోధనలు అవసరం. అదే మిన్నెసోటా పరిశోధనలో 1,830 మందిని 15 ఏళ్ల తర్వాత మళ్లీ కలిశారు. కౌమారంలో పడ్డ మాటలకూ పెద్దయ్యాక వచ్చిన స్థూలకాయానికీ సంబంధం కనబడింది. ఆడవాళ్లలోనైతే అతిగా తినడం, తమ శరీరం పట్ల అసంతృప్తి కూడా తోడయ్యాయి.

‘సరదాకి అన్నాం’ అనేవారి ఉద్దేశాన్ని ఈ ప్రశ్నావళి కొలవదు. అది దాని లోపం కాదు, పడ్డవారికి ఏమైందన్నదే అది అడిగే ప్రశ్న. తెలుగులో వాడాలంటే మాత్రం అనువాదం ఒక్కటే సరిపోదు. రూపం గురించిన అంశాలన్నీ లావు చుట్టూనే తిరుగుతాయి, మన ఇళ్లలో మాటలు పడేది రంగుకూ ఎత్తుకూ కూడా. పైగా ముద్దుగా ‘నల్లపిల్ల’ అని పిలిచే అమ్మమ్మ తనను ఎగతాళి చేసిందని ఏ మనవరాలూ కాగితం మీద రాయదు. అందుకే తెలుగు ప్రశ్నలో ‘ఎగతాళి’ అన్న మాటే ఉండకూడదు. ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు, అలా పిలిస్తే పలకాలనిపిస్తుందా అని అడగాలి.