జ్వరం ఉన్నా బడికేనా?

1918లో విషజ్వరం, అంటే ఇన్‌ఫ్లుయెంజా, అమెరికా అంతటా వ్యాపించింది. చాలా నగరాల్లో బడులు మూసేశారు. న్యూయార్కులో మూయలేదు. అక్కడి దాదాపు 10 లక్షల మంది పిల్లల్లో ఎక్కువమంది ఇరుకు ఇళ్ళవారు. వారికి ఇంటికన్నా బడే మేలని ఆరోగ్యాధికారి కోప్‌లండ్, డాక్టర్ జోసెఫిన్ బేకర్ భావించారు. రోజూ పిల్లలను పరిశీలించి, నలతగా ఉన్నవారిని వేరుచేసి ఇంటికి పంపేవారు.

అదే జబ్బు ఆ యేడు బొంబాయి రేవులో దిగి, మన దేశంలో కోటిమందికి పైగా పొట్టన పెట్టుకుంది.

దగ్గితే మోచేయి అడ్డుపెట్టుకోమని, చేతులు కడుక్కోమని పిల్లలకు చెబుతున్నాం. ఎందుకో మాత్రం చెప్పం. పైగా, పరీక్ష పోతుందని జ్వరం తగ్గకముందే బడికి పంపుతాం. ఈ కథ ముందుగా మనం చదివి, తర్వాత పిల్లలకు చెబుదాం.