పానిపట్టులో ఆ గుండు తప్పి ఉంటే

సంచికకు చరిత్ర మీద నాలుగు మాటలు వ్రాయమని కార్యదర్శిగారు అడిగిన రోజే మా అన్నగారి అబ్బాయి తన పదకొండో తరగతి ఇంగ్లీషు వాచకం పట్టుకొచ్చాడు. "చాచా, ఇలా జరగడానికి నిజంగా వీలుందా?" అన్నాడు. ఈ వ్యాసం వాడి ప్రశ్నకు జవాబే.

ఆ పాఠం ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ వ్రాసిన కథ. 1761 జనవరి 14న మూడో పానిపట్టు యుద్ధంలో పీష్వా కుమారుడు విశ్వాసరావు తుపాకి గుండు తగిలి చనిపోయాడు. కథలో ఆ గుండు చెవి పక్కనుంచి పోతుంది. మరాఠాలు గెలుస్తారు. ఇంగ్లీషువారికి ఒక్క బొంబాయి మిగులుతుంది. నార్లీకర్ గారు చెప్పదలచింది విజ్ఞానశాస్త్రం, దాన్ని చక్కగానే చెప్పారు. నేను చరిత్ర పాఠం చెప్పేవాణ్ణి గనుక నా తూకం వేరు.

ఇటువంటి కథలో రచయితకు ఒక్క అబద్ధం మాఫీ. ఆ తర్వాత అంతా నిజంలాగే నడవాలి.

గుండు మాట తీసిపారేయవలసింది కాదు. ఆ రోజు మధ్యాహ్నం దాకా మరాఠాలదే పైచేయి. ఇబ్రాహీం ఖాన్ గార్దీ పటాలాలు రోహిల్లాల వరుసలను చీల్చాయి. విశ్వాసరావు పడిపోయాక సదాశివరావు భావు ఏనుగు దిగి గుర్రం ఎక్కాడు. ఖాళీ అంబారీ చూసి సిపాయిల గుండె జారింది.

అయితే ఆ సిపాయిలు ఎన్నాళ్ళుగా కడుపునిండా తిన్నారు? అసలు సంగతి ఇక్కడుంది. 1760 అక్టోబరులో అహ్మద్ షా అబ్దాలీ బాగ్‌పత్ దగ్గర యమున దాటి, భావుకూ ఢిల్లీకీ మధ్య వచ్చి కూర్చున్నాడు. రెండు నెలలకు పైగా మరాఠా దండు కందకాల వెనుక చిక్కుకుంది. సిపాయిలే కాదు, వెంట వచ్చిన యాత్రికులు, ఆడవాళ్ళు, పిల్లలు కూడా అక్కడే. రసదు పంపే గోవిందపంత్ బుందేలే డిసెంబరులో హతమయ్యాడు. గుర్రాలకు గడ్డి లేదు. షుజా ఉద్దౌలా కొలువులో ఉన్న కాశీరాజ్ పండిత్ ఇదంతా దగ్గరుండి చూసి పారసీలో వ్రాశాడు. పస్తులతో చావడంకన్న పోరాడి చావడం మేలని సర్దార్లే భావుతో అన్నారట. అబ్దాలీకి మాత్రం దోఆబ్ నుంచి, రోహిల్లాల ఇలాకా నుంచి గింజలు వస్తూనే ఉన్నాయి. పైగా సాయంత్రానికి దింపడానికి తాజా దళాలు అట్టే పెట్టుకున్నాడు. గుండు తప్పినా ఆ దళాలు తప్పవు కదా!

ఇక ఇంగ్లీషువారి సంగతి. వాళ్ళు ప్లాసీ గెలిచింది 1757లో. మన మచిలీపట్నం ఫ్రెంచివారి నుంచి లాక్కున్నది 1759లో. పుదుచ్చేరి లొంగిపోయింది 1761 జనవరి 16న, అంటే పానిపట్టు జరిగిన రెండు రోజులకే. వీటిలో ఏ ఒక్కదానికీ విశ్వాసరావు గుండుతో సంబంధం లేదు. ఢిల్లీ దగ్గర గెలిచిన అలసిన దండు బెంగాల్ ఖజానా చేతికి వచ్చిన కంపెనీని ఎలా వెనక్కి నెట్టిందో కథ చెప్పాలి. చెప్పకపోతే అది పిల్లలకు మాయల ఫకీరు కథే.

నన్నడిగితే, మార్చవలసింది గుండు కాదు, అవధ్ నవాబు షుజా ఉద్దౌలా మనసు. 1760లో రెండు పక్షాలూ ఆయన్ని పిలిచాయి. నజీబుద్దౌలా వెళ్ళి ఒప్పించాక గాని ఆయన అబ్దాలీ వైపు మొగ్గలేదు. ఆ తరాజు నిజంగానే ఊగింది. అది ఇటు వంగితే అవధ్ గింజలు భావు దండుకు చేరేవి. జాట్ రాజు సూరజ్‌మల్ అలిగి వెళ్ళిపోకుండా ఉంటే ఇంకా బలం.

తరగతిలో పానిపట్టు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, "సార్, మనవాళ్ళు ఏ వైపు?" అంటారు. అప్పుడు గార్దీ పేరు బోర్డు మీద వ్రాస్తాను. బుస్సీ దగ్గర కవాతు నేర్చి, దక్కనులో నిజాము కొలువు చేసి, చివరకు భావు పక్షాన పోరాడి, పట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నవాడు. మతం చూసి వైపులు పంచి వ్రాసే యుద్ధకథలో ఇతనికి చోటుండదు. నాకు నచ్చనిది అదే.

మా అబ్బాయికి ఇదంతా చెప్పి, నువ్వే ఒక కథ వ్రాయరా అన్నాను. మూడు రోజులకు తెచ్చాడు. షుజా ఉత్తరం, సూరజ్‌మల్‌తో రాజీ, అన్నీ బాగానే కుదిర్చాడు. గుర్రాల గడ్డి మాత్రం మళ్ళీ మరచిపోయాడు.