సెల్లులకు ఎండ, ల్యాప్‌టాప్‌కు నీడ

ట్రాన్సిస్టర్ గొంతు బొంగురుపోయిందంటే చాలు, వెనక మూత తీసి, సెల్లులన్నీ చేటలో పోసి, వడియాల పక్కన ఎండబెట్టడం నా చిన్నప్పుడు హనుమకొండలో మా వీధంతా చేసిన పనే. సాయంత్రానికి అవి మరో నాలుగు పాటలు పాడించేవి. మూఢనమ్మకం కాదు సుమండీ! వేడి తగిలితే లోపలి రసాయనిక చర్య చురుకవుతుంది, అడుగున మిగిలిన సత్తువ కాస్త బయటికొస్తుంది. ఆ రోజుల్లో ఇంటింటా కనిపించిన నిప్పో సెల్లులు ఎక్కడివో కావు, నెల్లూరువే. జపాను మత్సుషితా వారి సహకారంతో 1972లో ఏర్పడిన కంపెనీ సరుకు.

ఇప్పుడు ల్యాప్‌టాపుల కాలం. పిల్లల చదువు, కొలువు, ఆఖరికి పెళ్ళిసంబంధాలు కూడా అందులోనే. దాని బ్యాటరీ చచ్చిందంటే వేలల్లో ఖర్చు. "మొత్తం అయిపోనియ్యి, అప్పుడు నిండా ఎక్కియ్యి బిడ్డా" అంటుంది మా అత్తమ్మ మనవరాలితో. కార్డ్‌లెస్ ఫోను కొన్ననాడు దుకాణమతను చెప్పిన మాటట. అప్పటికది సరైన మాటే!

1800లో ఇటలీలో వోల్టా జింకు బిళ్ళలు, వెండి బిళ్ళలు, నడుమ ఉప్పునీటిలో తడిపిన గుడ్డముక్కలు పెట్టి మన కుండల దొంతరలా పేర్చాడు. అదే మొదటి బ్యాటరీ. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే చేసిన సీసం బ్యాటరీ ఇప్పటి ఇన్వర్టరు బ్యాటరీకి తాతగారు. 1899లో స్వీడను యుంగ్నర్ నికెల్–కాడ్మియం తెచ్చాడు. దానిదో వింత గుణం. రోజూ సగంలోనే ఛార్జి పెడుతుంటే ఆ సగమే అలవాటు చేసుకుని మొరాయించేది. అత్తమ్మకు అందిన సలహా దానిది.

ల్యాప్‌టాపులో ఉన్నది లిథియం. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో గుడెనఫ్ దానికి దారి వేశాడు, 1991లో సోనీ బజారుకు తెచ్చింది. గుడెనఫ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది మాత్రం 2019లో, తొంభై ఏడో ఏట! ఆయన ఓపికే ఓపిక.

ఈ లిథియం స్వభావం పూర్తిగా వేరు. దీన్ని కడుపు మాడ్చకూడదు, గొంతుదాకా తినిపించి కూర్చోబెట్టనూ కూడదు. ఇరవై, ఎనభై శాతాల మధ్య ఉంటే హాయిగా బతుకుతుంది. ఎప్పుడూ ప్లగ్గుకే తగిలించి పనిచేసేవాళ్ళకు ఎనభై దగ్గర ఆపేసే ఏర్పాటు చాలా ల్యాప్‌టాపుల సెట్టింగుల్లో ఉంది, వెతకండి. నెల్లాళ్ళు ఊరికెళ్తుంటే సగం ఛార్జితో ఆపేసి చల్లనిచోట పెట్టండి. అలాగని ఫ్రిజ్జులో కాదు, చెమ్మ చేరుతుంది.

అన్నిటికన్నా పెద్ద శత్రువు వేడి. సెల్లులకు ప్రాణం పోసిన ఎండే దీని ఆయువు తీస్తుంది. మన వరంగల్ వేసవిలో, స్లాబు కింద మేడగదిలో, పరుపుమీద ల్యాప్‌టాపు పెట్టి సినిమా చూస్తే గాలి ఆడే కన్నాలు మూసుకుపోయి లోపల ఉడికిపోతుంది. కింద ఓ పీటన్నా వెయ్యండి. ఎండలో నిలిపిన కారులో అసలే వదలొద్దు.

ఎంత చేసినా మూడు నాలుగేళ్ళకు బలం తగ్గుతుంది, తప్పదు. అడుగుభాగం ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం నొక్కి సరిచేయబోకండి, ఛార్జి పెట్టకండి. అంటుకునే ప్రమాదముంది. చెత్తబుట్టలో వేయకుండా మరమ్మతు తెలిసినవాళ్ళకు ఆ రోజే అప్పగించండి.