కాటా దగ్గర పుట్టిన సంఘం

కోకో వేసిన మన ఏలూరు వైపు రైతులు ఈ ఘనా దేశం కథ ఒకసారి చదవండి. అక్కడ ధర ప్రభుత్వ కోకో బోర్డే ప్రకటిస్తుంది. ధరలో కోత పెట్టే వీల్లేదు కాబట్టి మోసమంతా కాటా దగ్గరే జరిగేది. కొనేవాడి గుమాస్తా ఎంతంటే అంతే బరువు. ఇది మనకూ తెలియని సంగతేం కాదులెండి!

1990ల మొదట్లో సర్కారు కొనుగోలు లైసెన్సులు బయటివాళ్లకూ ఇవ్వడం మొదలెట్టింది. కోకో బోర్డులో రైతు ప్రతినిధిగా ఉన్న నానా ఫ్రింపాంగ్ అబ్రెబ్రెసె, మరికొందరు రైతులు కలిసి, బ్రిటన్‌లోని ట్విన్ ట్రేడింగ్ సాయంతో, 1993లో తామే లైసెన్సు తెచ్చుకున్నారు. సంఘం పేరు కువాపా కోకూ, అంటే వాళ్ల ట్వి భాషలో మంచి కోకో రైతు.

అసలు కిటుకు ఇక్కడుంది. ఊళ్లో తూకం వేసేవాణ్ని ఆ ఊరి రైతులే ఎన్నుకుంటారు. తూకంలో తేడా వస్తే అడగడానికి పట్నం పోనక్కర్లేదు, పక్కింటి తలుపు తడితే చాలు.

ఫెయిర్‌ట్రేడ్ ప్రీమియం డబ్బుతో బావులు తవ్వించారు, బళ్లు కట్టారు. 1998లో లండన్‌లో డివైన్ చాక్లెట్ కంపెనీ పెడితే అందులో మూడో వంతు వాటా రైతులదే. 2006లో బాడీ షాప్ తన వాటా ఇచ్చేయడంతో అది 45 శాతమైంది. కానీ 2020లో కంపెనీ పెత్తనం జర్మనీ సంస్థకు పోయింది, రైతులకు 20 శాతం మిగిలింది.

గింజ ధర ఇప్పటికీ బోర్డు చేతిలోనే ఉంది. కాటా మాత్రం ఊరి చేతిలో.