మాస్టారి బదిలీ, పిల్లాడి పుట్టినతేదీ

శ్రీకాకుళం జిల్లాలో ఒక మండల కేంద్రం. జిల్లా పరిషత్ హైస్కూలు మైదానం. 2025 ఆగస్టు నెల, ఉదయం ఎనిమిది దాటింది. రాత్రి కురిసిన వానకి నేల ఇంకా మెత్తగానే ఉంది. తెల్లారగానే సున్నంతో గీసిన కబడ్డీ కోర్టు గీతలు ఓ మూల అప్పుడే చెదిరిపోయాయి. మీరు ఇలా వచ్చి ఈ సరుగుడు చెట్ల కింద నిలబడండి. ఇక్కణ్నుంచి గేటూ కనిపిస్తుంది, వరండాలో వేసిన కాగితాల బల్లా కనిపిస్తుంది. ఇవాళ మండల స్థాయి స్కూల్ గేమ్స్. అసలు పోటీ ఆ బల్ల దగ్గరే మొదలవుతుంది.

ఆటోలు వస్తున్నాయి. ఒక్కో ఆటోలోంచి డజను మంది దాకా దిగుతున్నారు. చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, వాటిలో బనీన్లు, నీళ్ల సీసాలు, స్టడీ సర్టిఫికెట్లు. చాలామంది కాళ్లకి చెప్పులే, బూట్లు లేవు. కబడ్డీ పిల్లలు కొందరు టిఫిన్ తినకుండా వచ్చారు. బరువు తూస్తారు మరి. అంగన్‌వాడీ నుంచి తెచ్చిన మిషను వరండా మెట్టు పక్కన పెట్టారు. ఒక కుర్రాడు దాని మీదకెక్కి, ముల్లు గీత దాటగానే దిగిపోయి, నోట్లో ఊరిన ఉమ్ము కూడా ఊసేసి మళ్లీ ఎక్కుతున్నాడు. ఈసారి ముల్లు గీత మీద ఆగింది. పక్కనున్న వాళ్లు వీపు మీద చరిచారు. వాడి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పదమూడేళ్ల పిల్లాడు అలా కడుపు మాడ్చుకుని వచ్చి ఆడటం నాకు ఎన్నడూ మింగుడుపడలేదు.

గేటు దగ్గర కేకలు. అటు చూడండి. మోటారు సైకిల్ దిగుతున్న ఆయన్ని చూడగానే ఈ స్కూలు పిల్లలు వరస తప్పి పరుగెత్తారు. "మాస్టారొచ్చీసినారు!" ఎనిమిదేళ్లు ఈ బడిలో పీఈటీగా, అంటే ఆట మాస్టారుగా పనిచేసిన మనిషి. మొన్న జూన్‌లో బదిలీ అయ్యారు. ఇప్పుడు పక్క ఊరి స్కూలు జట్టుతో వచ్చారు. అంటే ఈ పూట ఆయన అవతలి జట్టు మాస్టారు. పిల్లలకి ఆ సంగతి తెలుసు. అయినా చేతులు పట్టుకుని వదలడం లేదు. ఆయన నవ్వుతూనే, "ఒరే, మీ మేడం పిలుస్తున్నారు, ఎల్లండెల్లండి" అంటున్నారు.

ఆ మేడం కొత్తగా వచ్చిన పీఈటీ. మెడలో విజిల్ వేసుకుని కాస్త దూరంలో నిలబడ్డారు. జూన్‌లో చేరిన రోజున ఆవిడ చేతికిచ్చినవి గది తాళం, స్టాకు రిజిస్టరు, గాలి పోయిన రెండు వాలీబాళ్లు. ఏ పిల్లాడు కుడి కార్నర్ బాగా కాస్తాడో, ఎవడి మోకాలికి పాత దెబ్బ ఉందో, ఎవరి ఇంట్లో ఆటకి పంపడానికి తండ్రిని బతిమాలాలో ఆ రిజిస్టర్లో ఉండదు. రెండు నెలల్లో అవన్నీ ఆవిడే తెలుసుకున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఒకే బడిలో 8 విద్యాసంవత్సరాలు నిండిన టీచరుకి బదిలీ తప్పదు. 2025లో దీనికి చట్టమే వచ్చింది. టీచర్లకి ఎంటైటిల్‌మెంట్ పాయింట్లుంటాయి. ఏ కేటగిరీ ఊళ్లో ఎన్నేళ్లు పనిచేశారు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులా, ఆరోగ్య సమస్యలున్నాయా, ఇలా అన్నీ లెక్కకట్టి వెబ్ ఆప్షన్లు పెట్టుకోమంటారు. పద్ధతి న్యాయమైనదే. మారుమూల ఊళ్లో ఏళ్ల తరబడి ఇరుక్కుపోయిన టీచరుకి బయటపడే దారి అదే. కానీ లెక్కల మాస్టారు వెళ్లిపోతే వచ్చేవాళ్లు అదే పుస్తకంలో అదే అధ్యాయం ఎత్తుకుంటారు. ఆట మాస్టారు చేతిలో అలాంటి పుస్తకం లేదు. ఆయన ఎనిమిదేళ్లలో నేర్చుకున్నదంతా ఆయన తలలోనే ఉంది, తలతోపాటే వెళ్లిపోతుంది.

ఆట మాస్టారి విలువ ఈ జిల్లా వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆమె పేరు ఎత్తిన ప్రతిచోటా తొలి గురువు నీలంశెట్టి అప్పన్న పేరు కూడా ఎత్తుతారు ఇక్కడి వాళ్లు. పిల్ల ముందా, గురువు ముందా అని విడదీసి చెప్పలేరు.

బల్ల దగ్గరకి పదండి. గొంతులు పెరుగుతున్నాయి.

"ఈ కుర్రాడు మా బడి కుర్రాడండీ. జూన్ దాకా మా రిజిస్టర్లోనే ఉన్నాడు. ఇప్పుడు అవతలి జట్టులో ఎలా ఆడతాడు?" ఈ స్కూలు సోషల్ మాస్టారు అడుగుతున్నారు. వేలు చూపిస్తున్నది తొమ్మిదో తరగతి పిల్లాడి వైపు. మండలంలో వాడిని మించిన రైడర్ లేడంటారు. పాత మాస్టారు బదిలీ అయిన పది రోజులకే టీసీ తీసుకుని ఆయన వెనకాలే వెళ్లిపోయాడు. ఇక్కడి వాళ్ల అనుమానం ఒక్కటే, మాస్టారే లాక్కెళ్లారని.

పాత మాస్టారు ఎంట్రీ ఫారం ముందుకు తోశారు. ఫోటో మీద హెడ్మాస్టరు సంతకం, స్టాంపు, విద్యార్థి పెన్ నంబరు అన్నీ ఉన్నాయి. "ఆన్‌లైన్లో ట్రాన్స్‌ఫర్ అయిపోయింది, చూస్కోండి." పోటీల కన్వీనరు ఫోన్లో విద్యార్థుల వివరాలుండే యూడైస్ పోర్టల్ తెరిచి చూస్తున్నారు. సిగ్నల్ రావడం లేదు.

ఇంతలో వెనకనుంచి ఒకావిడ ముందుకొచ్చింది. పిల్లాడి తల్లి. కొంగు నడుముకి దోపుకుని ఉంది. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనికి సెలవు పెట్టి వచ్చిందట. "బాబూ, ఎవలూ తీసుకెల్నేదు. నానే ఏసినాను. ఆల నాన్న చెన్నపట్నం పనికెల్లి ఏడాదైనాది. ఈడు బడికెల్లడం మానీసినాడు. మాస్టారుంటేనే ఎల్తాడు. మీకు ఆటే కావాల, నాకు ఈడు బడికెల్లడం కావాల."

బల్ల చుట్టూ ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. సోషల్ మాస్టారిది తప్పుడు పేచీ అనలేం. ఏ నియమమూ లేకపోతే నాలుగేళ్లలో మంచి ఆటగాళ్లంతా ఒకే బడికి చేరిపోతారు. మిగతా బళ్ల పిల్లలు ఆటోలెక్కి ఓడిపోవడానికే రావాలి. కానీ ఆ తల్లి చెప్పింది అంతకంటే పెద్ద సంగతి. ఈ పిల్లాడిని బడిలో పట్టి ఉంచిన దారం ఒక్క మనిషి. ఆ మనిషి కదిలితే పిల్లాడూ కదిలాడు. కన్వీనరు జిల్లా కార్యదర్శికి ఫోన్ చేశారు. రికార్డు సరిగ్గా ఉంటే ఆడనివ్వమన్నారట. సోషల్ మాస్టారు "రాసుకోండి, మా అభ్యంతరం రాసుకోండి" అని సంతకం పెట్టి పక్కకి తప్పుకున్నారు. నేనైతే ఆ నిర్ణయం సరైనదే అంటాను.

రెండో తగాదా దీనికంటే చేదు. 14 ఏళ్లలోపు జట్లు వరసలో కూర్చున్నాయి. మూడో స్కూలు వరసలో చివరి కుర్రాడిని చూడండి. భుజాలు విచ్చుకున్నాయి, పై పెదవి మీద నూనూగు మీసం. 2012 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే ఈ ఏడాది ఈ విభాగంలో ఆడాలి. కాగితంలో వాడి పుట్టినతేదీ 2012 జూన్. "పదిహేనుకి తక్కువుండడు, రాసిస్తాను" అంటున్నారు ఒక మాస్టారు. ఇంకొకరు నోరు తెరవమని పళ్లు చూస్తున్నారు. అంతమంది ముందు నోరు తెరిచి నిలబడ్డ ఆ పిల్లాడి కళ్లు నేలమీదున్నాయి. వాడు ఏ కాగితమూ దిద్దలేదు. దిద్ది ఉంటే పెద్దవాళ్లే దిద్దారు.

మన బడుల్లో జూన్ నెలలో పుట్టిన పిల్లలు లెక్కకి మించి ఉంటారు. ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు తల్లి "వరదలొచ్చిన ఏడాది పుట్టినాడు" అంటే, పంతులుగారు ఐదేళ్లు నిండేలా ఒక జూన్ తేదీ వేసేవారు. అందులో మోసమేమీ లేదు, అడ్మిషన్ అవసరం అంతే. మోసం వచ్చేది తర్వాత. ఆట సర్టిఫికెట్‌కి విలువ పెరిగాక వయసు ఒక ఏడాది తగ్గించిన తేదీతో ఇంకో కాగితం పుడుతుంది. రాష్ట్రం ఉద్యోగాల్లో క్రీడా కోటాని 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. స్కూలు జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినవాళ్లకి కేంద్ర ఉద్యోగాల క్రీడా కోటాలో ఫారం-4 సర్టిఫికెట్ పనికొస్తుంది. కొడుక్కి ఉద్యోగం వస్తుందన్న ఆశ ముందు ఒక సంవత్సరం ఎంతని అనుకుంటాడు తండ్రి.

ఆ ఏడాది విలువెంతో నేను చూపిస్తాను. ఆ కుర్రాడి వెనక, వరసకి కాస్త ఎడంగా, గోడకి చేరబడి కూర్చున్న బక్కపిల్లాడిని చూడండి. జట్టుకి పన్నెండు మందే. వీడు పదమూడోవాడు. నిజంగా పదమూడేళ్లవాడు. అందరితోపాటు తెల్లారకముందే లేచి ఆటోలో వచ్చాడు, బనీను కవర్లోనే ఉంది. వయసు దిద్దిన ప్రతిచోటా ఇలాంటి పిల్లాడొకడు గోడ దగ్గరే మిగిలిపోతాడు. 2015లో ఢిల్లీలో పటౌడీ స్మారకోపన్యాసంలో రాహుల్ ద్రావిడ్ ఇదే చెప్పాడు. వయసు మోసంలో దెబ్బ తగిలేది నిజంగా ప్రతిభ ఉన్న, నిజాయతీగా ఉన్న కుర్రాడికేనన్నాడు. కేంద్ర క్రీడాశాఖ అంతకు ముందే, 2010లోనే, వయసు మోసాల మీద జాతీయ నియమావళి తెచ్చింది. క్రికెట్ బోర్డు 16 ఏళ్లలోపు కుర్రాళ్ల ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముకల ఎదుగుదలని బట్టి వయసు అంచనా వేస్తుంది. అంచనాయే, ఖచ్చితం కాదు. అందరి ఒళ్లూ ఒకే వేళకి ఎదగదు. పన్నెండేళ్లకే మీసం వచ్చే పిల్లలూ ఉంటారు. ఆ కుర్రాడు వాళ్లలో ఒకడేమో కూడా ఈ బల్ల దగ్గర ఎవరూ చెప్పలేరు. మండల స్థాయిలో ఎక్స్‌రే ఎక్కడుంది? మాస్టార్ల కంటిచూపే ఇక్కడి పరీక్ష.

వాడి స్కూలు హెడ్మాస్టరు అడ్మిషన్ రిజిస్టరు తెప్పించారు. మోటారు సైకిల్ మీద వెళ్లి తేవడానికి ముప్పావుగంట పట్టింది. ఆ సేపంతా కుర్రాడు అక్కడే నిలబడ్డాడు, కూర్చోమని ఎవరూ అనలేదు. రిజిస్టర్లో తేదీ 2011. ఎంట్రీ ఫారంలో 2012. కన్వీనరు ఎర్ర పెన్నుతో పేరు కొట్టేశారు. గోడ దగ్గరి పిల్లాడిని పిలిచారు. వాడు లేచి, నమ్మకం లేనట్టు ఒకసారి మాస్టారి వైపు చూసి, బనీను తొడుక్కుంటున్నాడు. తిరగేసి తొడుక్కున్నాడు, ఎవరో సరిచేశారు.

విజిల్ మోగింది. పాత మాస్టారి జట్టు, కొత్త మేడం జట్టు. జట్టుకి ఏడుగురు చొప్పున దిగారు. బడి మారిన రైడర్ మొదటి కూతకి వెళ్లాడు. ఎదురుగా ఉన్నవాళ్లంతా మొన్నటిదాకా వాడి జట్టువాళ్లే. వాడి డుబ్కీ వాళ్లకి తెలుసు, వాళ్ల యాంకిల్ హోల్డ్ వాడికి తెలుసు. బోనస్ గీత దాటి కాలు పెట్టి వెనక్కి తిరిగేలోపు ఎడమ కార్నర్ చీలమండ పట్టేశాడు. ఒక్కసారిగా నలుగురు మీద పడ్డారు. వాడి చేయి నడిమి గీతకి జానెడు దూరంలో ఆగిపోయింది. మేడం ఎగిరి గంతేశారు. ఆ పట్టు ఈ వారమే నేర్పానని పక్కావిడతో చెబుతున్నారు. అవతల పాత మాస్టారు చప్పట్లు కొడుతున్నారు, తన రైడర్‌ని పట్టిన కుర్రాడికి. వాడికి కార్నర్‌లో నిలబడటం నేర్పిందీ ఆయనే. చివరికి ఆయన జట్టే నాలుగు పాయింట్ల తేడాతో గెలిచింది.

ఇక్కడ జరిగినవన్నీ తేలిగ్గా తప్పించదగ్గవే. బదిలీ మీద వెళ్లే పీఈటీ తాళాలతోపాటు జట్టు వివరాలు రాసిన నోటుబుక్కొకటి ఒప్పచెప్పి, కొత్తవారితో వారం రోజులు మైదానంలో కలిసి నిలబడేలా విద్యాశాఖ ఏర్పాటు చేయాలి. దానికి పైసా ఖర్చు లేదు. మాస్టారి వెంట బడి మారే పిల్లాడి విషయంలో ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో జూన్‌లోనే ప్రతి బడి నోటీసు బోర్డు మీద ఉండాలి. ఆట రోజు ఫోన్లో తేల్చుకునే పరిస్థితి పిల్లలకి రాకూడదు. వయసు తగాదా వస్తే పిల్లాడిని గదిలోకి తీసుకెళ్లి మాట్లాడాలి, పదిమంది ముందు నోరు తెరిపించడం వెంటనే ఆపాలి. కాగితం దిద్దిన పెద్దవాళ్లకి శిక్ష పడాలి. నిషేధం ఎప్పుడూ పిల్లాడికే, మందలింపు కూడా పిల్లాడికేనా?

2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి ఆధారమని చట్టం సవరించారు. వాళ్లు ఈ మైదానానికి రావడానికి ఇంకా పదేళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆడబోయే పిల్లల తల్లిదండ్రులకి నాదొక విన్నపం. మీ పిల్లాడి తేదీ జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, అడ్మిషన్ రిజిస్టర్లో ఒకటేనా అని ఈ వారమే బడికి వెళ్లి చూసుకోండి. తేడా ఉంటే నిజమైన తేదీకే సరిచేయించండి. పదో తరగతి నామినల్ రోల్స్ వెళ్లాక ఆ తేదీని మార్చడం చాలా కష్టం.