మంత్రసాని నుంచి ఆశా వరకు: కల్హేర్ తండాల నేపథ్యంలో ఆరోగ్య కార్యకర్తల శిక్షణ చరిత్ర

ఉపోద్ఘాతం

తెలంగాణ ప్రజారోగ్య చరిత్రలో ఆసుపత్రులకు, అంటువ్యాధులకు దక్కినంత చోటు శిక్షణకు దక్కలేదు. గ్రామంలో నివసిస్తూ గ్రామానికే సేవ చేసే కార్యకర్తను ఎవరు ఎంపిక చేశారు, ఏ భాషలో నేర్పారు, ఎన్ని రోజులు నేర్పారు, నేర్చుకున్న తరువాత ఆమె ఏ మెట్టు ఎక్కగలిగింది అన్న ప్రశ్నలు పరిపాలనా నివేదికలకే పరిమితమయ్యాయి. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్‌లోని కల్హేర్ మండలం, దాని చుట్టూ ఉన్న లంబాడా తండాల వైపు నుంచి ఈ ప్రశ్నలను చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. లంబాడాలకు 'ఆదివాసీ' అన్న మాట వర్తిస్తుందా అన్నది వివాదంలో ఉన్న అంశం. కనుక ఇక్కడ 'గిరిజన' అన్న పదాన్ని రాజ్యాంగ జాబితా అర్థంలోనే వాడుతున్నాను.

సరిహద్దు, జాబితా

నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజన చట్టం బీదర్‌ను మూడు ముక్కలు చేసినప్పుడు నారాయణఖేడ్, జహీరాబాద్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసి మెదక్ జిల్లాకు చేరాయి. బీదర్, భాల్కి, హుమ్నాబాద్ మైసూరుకు వెళ్ళాయి. ఉద్గీర్, నీలంగా వంటివి బొంబాయి రాష్ట్రానికి వెళ్ళాయి. తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ కలగలిసిన ఈ నేల మీద గోర్ బోలీ మాట్లాడే లంబాడాలు భాషా రాష్ట్రాల లెక్కలో ఎవరికీ చెందనివారుగా మిగిలారు.

దీని ఫలితం నేటికీ కనిపిస్తుంది. బంధుత్వాలు, పెళ్ళి సంబంధాలు ఒకటిగా ఉన్న ఈ సమాజం నేడు తెలంగాణలో షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. తెలంగాణలోనూ ఆ హోదా మొదటినుంచీ లేదు. ఆంధ్ర ప్రాంతపు సుగాలీలు, లంబాడీలు అంతకుముందే జాబితాలో ఉన్నా, తెలంగాణ ప్రాంతపు లంబాడాలు చేరింది 1976 సవరణ చట్టంతోనే. అంటే స్వాతంత్ర్యానంతరం దాదాపు మూడు దశాబ్దాల పాటు గిరిజనుల కోసం ఏ శిక్షణ రూపొందినా అది నారాయణఖేడ్ తండాలను ఉద్దేశించి రూపొందలేదు.

జాబితాలో చేరిన తరువాత కూడా మరొక గీత మిగిలింది. తెలంగాణలోని షెడ్యూల్డు ప్రాంతాలు ఆదిలాబాద్, వరంగల్, ఖమ్మం, మహబూబ్‌నగర్ పూర్వ జిల్లాల్లో ఉన్నాయి. మెదక్‌లో లేవు. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం వంటి చోట్ల వెలిశాయి. ఆరోగ్య ఉపకేంద్రానికి మైదానంలో 5,000 జనాభా, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 జనాభా ప్రమాణం. ఈ సడలింపు ప్రాంతానికే గాని తెగకు కాదు. మైదానంలో చెదిరిన తండా దానంతటది ఆ నిర్వచనంలోకి రాదు. నా దృష్టిలో కల్హేర్ వంటి మండలాల ఆరోగ్య చరిత్రకు మూలసూత్రం ఇక్కడే ఉంది: ప్రభుత్వం మనుషులను తెగగా గుర్తించింది, సేవలను మాత్రం పటం మీది గీతల ప్రకారం పంచింది.

మార్లవాయి నమూనా

ఇదే హైదరాబాద్ రాజ్యంలో వేరొక దారి ఉండేదని గుర్తుచేసుకోవాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము మరణించిన తరువాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల స్థితి పరిశీలించమని కోరింది. ఆయన సూచనతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. కొద్దిగా అక్షరజ్ఞానం ఉన్న కొద్దిమంది గోండు యువకులను చేరదీసి, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేసి, వారినే తిరిగి గ్రామాలకు గురువులుగా పంపారు. అర్హత ఉన్నవారి కోసం ఎదురుచూడకుండా ఉన్నవారిని అర్హులుగా మలచడం, అదీ వారి భాషలోనే మలచడం దాని ప్రత్యేకత. అది విద్యాపథకం, ఆరోగ్యపథకం కాదు. అయినా స్థానికుల నుంచే సేవకులను తయారుచేయడానికి మన ప్రాంతంలో దొరికే తొలి గట్టి ఉదాహరణ అదే. ఆరోగ్య రంగంలో ఆ పద్ధతి అనుసరణీయమని ఎవరికీ తోచకపోవడం ఆశ్చర్యమే.

ముప్పై రోజుల చదువు

తండాలో కాన్పు చేసే స్త్రీ ఎవరి నియామకంతోనూ ఆ పనికి రాలేదు. తల్లి దగ్గరో అత్త దగ్గరో చూసి నేర్చుకుంది. నాయక్, కార్భారీలు నడిపే తండా వ్యవస్థలో ఆమెకు పదవి లేకపోయినా మాట చెల్లేది. ప్రభుత్వం ఆమెను 'దాయి'గా గుర్తించి గ్రామీణ ఆరోగ్య పథకం కింద శిక్షణ ఇచ్చింది. ముప్పై పనిదినాలు, 300 రూపాయల భృతి. వారంలో రెండు రోజులు ఆరోగ్య కేంద్రంలో, మిగిలిన నాలుగు రోజులు మహిళా ఆరోగ్య కార్యకర్త వెంట ఊళ్ళలో తిరగాలి. పర్యవేక్షణలో కనీసం రెండు కాన్పులు చేయాలి. చివర ఒక ధ్రువపత్రం, ఒక కాన్పు సంచి. నమోదు చేయించిన ప్రతి కాన్పుకు పది రూపాయలు.

ఈ శిక్షణను తేలికగా కొట్టిపారేయలేము. శుభ్రమైన చేతులు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన బొడ్డుదారం అన్న పాఠానికి ధనుర్వాతం నుంచి శిశువులను కాపాడే శక్తి ఉంది. అయితే జ్ఞానం ఒకే దిశలో ప్రవహించింది. ఆమెకు తెలిసినది ఏమిటో అడిగి నమోదు చేసే పుట ఆ పాఠ్యప్రణాళికలో లేదు. ఆ ధ్రువపత్రం తరువాతి మెట్టుకు పనికిరాలేదు. సహాయక నర్సు శిక్షణకు పాఠశాల చదువు కావాలి. కర్తార్ సింగ్ సంఘం (1973) సూచించిన బహుళార్థ కార్యకర్తల విధానంలో ప్రతి ఉపకేంద్రానికీ ఒక స్త్రీ, ఒక పురుషుడు వచ్చారు గాని ఆ స్థానాల్లోకి దాయి ఎదిగి వచ్చే దారి లేదు.

1977 పథకం

శ్రీవాస్తవ సంఘం (1975) సిఫారసుల ఊపులో 1977 అక్టోబరు 2న సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకం ఆరంభమైంది. వెయ్యి జనాభాకు ఒకరు, మూడు నెలల్లో 200 గంటల శిక్షణ, ఆపై నెలకు యాభై రూపాయల గౌరవ భృతి, ఏడాదికి 600 రూపాయల మందులు. కర్ణాటక, తమిళనాడు, కేరళ వంటి కొన్ని రాష్ట్రాలు ప్రత్యామ్నాయ ఏర్పాట్లున్నాయని దీనికి దూరంగా ఉండిపోయాయి. 1956లో సరిహద్దు గీత ఇంకొక విధంగా పడి ఉంటే నారాయణఖేడ్‌కు ఈ పథకం అందేదే కాదు.

అభ్యర్థి కనీసం ఆరో తరగతి చదివి ఉండాలి, స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలి అన్నాయి నిబంధనలు. ఈ రెండు షరతులూ పరస్పరం విరుద్ధమైనవని నాటి తండాను చూసిన వారెవరికైనా తెలుస్తుంది. ఆచరణలో దేశమంతటా ఎంపికైనవారిలో అధికులు పురుషులే. 1986 మే నుంచి పురుషుల స్థానంలో స్త్రీలను తీసుకోవాలని కేంద్రం మార్గదర్శకాలిచ్చే సరికి పథకం ఊపు తగ్గింది. పేరు కూడా కార్యకర్త నుంచి స్వచ్ఛంద సేవకుడిగా, ఆపై గ్రామ ఆరోగ్య మార్గదర్శిగా మారింది. ఉద్యోగమని అనుకోకుండా ఉండడానికే ఇన్ని పేర్లు మార్చారా అన్న అనుమానం కలుగుతుంది.

ఇదే దశాబ్దంలో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మేబెల్ ఆరోళే దంపతులు నిరక్షరాస్యులైన గ్రామ స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. వారి శిక్షణ నెలల లెక్కన ముగిసిపోలేదు. కార్యకర్తలు మళ్ళీ మళ్ళీ కేంద్రానికి వచ్చి, ఊళ్ళో ఎదురైన సమస్యలను చర్చించి నేర్చుకున్నారు. చదువు లేకపోవడం అడ్డంకి అన్న వాదనకు అంతకన్న సూటి జవాబు లేదు.

ఆశా, గడప

2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా వచ్చింది. ఈసారి స్త్రీ మాత్రమే. వెయ్యి జనాభాకు ఒకరైనా, గిరిజన, కొండ, ఎడారి ప్రాంతాల్లో ఆవాసానికొకరిని తీసుకోవచ్చు. తొలి శిక్షణ అయిదు విడతల్లో 23 రోజులు. చదువు అర్హత మాత్రం ఎనిమిదో తరగతికి పెరిగింది. తగినవారు లేనప్పుడే సడలింపు. 2001 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన స్త్రీల అక్షరాస్యత 26.1 శాతం. ఎనిమిదో తరగతి చదివిన వివాహిత తండాలో దొరకడం ఎంత కష్టమో ఈ ఒక్క అంకె చెబుతుంది. ఎంపిక గ్రామసభ ద్వారా జరగాలి. ఆనాడు అనేక తండాలు పెద్ద ఊరి పంచాయతీకి శివారు ఆవాసాలుగానే ఉన్నాయి. అవి స్వతంత్ర పంచాయతీలైంది 2018 చట్టం తరువాతే. తండాకు సొంత సభ ఏర్పడేనాటికి తొలి ఎంపికలు జరిగి దశాబ్దం దాటింది.

అదే సంవత్సరం మొదలైన జననీ సురక్షా యోజన కాన్పును ఆసుపత్రికి మళ్ళించింది. తల్లుల ప్రాణాల దృష్ట్యా ఆ నిర్ణయం సమర్థనీయమే. కాని దాయి శిక్షణ ఆ మలుపులో నిశ్శబ్దంగా ఆగిపోయింది. ఆమెను ఆసుపత్రిలో తోడుగా, బాలింత సంరక్షణలో సహాయకురాలిగా నిలుపుకొనే ఆలోచన బలంగా సాగలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. సహజ కాన్పుకు తిరిగి గౌరవం కల్పించడం దాని లక్ష్యం. ప్రవేశం రిజిస్టరైన నర్సులకు.

1980లలో కాన్పు సంచి అందుకున్న స్త్రీలు ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్ళ వయసులో ఉంటారు. శిక్షణ కాగితాలు సర్కారు తెలుగులో ఉన్నాయి. వారి జ్ఞాపకం గోర్ బోలీలో ఉంది. కల్హేర్, సిర్గాపూర్, కంగ్టి మండలాల తండాల్లో మౌఖిక చరిత్ర సేకరణకు ఆ భాష తెలిసిన పరిశోధకులే పూనుకోవాలి. ముందుగా అడగవలసింది శిక్షణలో వారు ఏమి నేర్చుకున్నారని కాదు, శిక్షణకు ముందే వారికి ఏమి తెలుసని.