ఇన్‌లైన్ అసెంబ్లీ

సి భాషలో రాసిన ప్రోగ్రాము నడుమ ప్రాసెసరు అసెంబ్లీ ఆదేశాలను నేరుగా పొందుపరచే పద్ధతిని '''ఇన్‌లైన్ అసెంబ్లీ''' అంటారు. సి భాషలో నేరుగా చెప్పడానికి వీలుకాని పనులకు దీనిని వాడతారు. ఇంటరప్టులను ఆపడం, 1993లో పెంటియం ప్రాసెసరుతో వచ్చిన టైమ్ స్టాంప్ కౌంటరును చదవడం ఇందుకు ఉదాహరణలు. ఇది ఐఎస్ఓ సి ప్రమాణంలో తప్పనిసరి భాగం కాదు. అందువలన కంపైలరును బట్టి దీని వాక్యనిర్మాణం మారుతుంది.

== నేపథ్యం ==
2008లో ఏర్పడిన కాకినాడ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిధిలోని గోదావరి జిల్లాల ఇంజనీరింగు కళాశాలల్లో సి భాష, 8086 మైక్రోప్రాసెసరు వేర్వేరు పాఠ్యాంశాలుగా ఉంటూ వచ్చాయి. ఈ రెండూ ఒకే ప్రోగ్రాములో కలిసే చోటు ఇన్‌లైన్ అసెంబ్లీ. తెలుగునాట ప్రయోగశాలల్లో చాలాకాలం వాడిన టర్బో సి కంపైలరులో ఇంటెల్ పద్ధతి ఉండేది. అందులో గమ్యం ముందు, మూలం తరువాత వస్తాయి. ఎక్స్86 ప్రాసెసర్లపై జీసీసీ సాధారణంగా పాటించే ఏటీ అండ్ టీ పద్ధతిలో ఈ వరుస తారుమారవుతుంది.

== వాక్యనిర్మాణం ==
జీసీసీలో "యాస్మ్" అనే పదం తరువాత కుండలీకరణాల్లో నాలుగు భాగాలుంటాయి. వాటిని ద్విబిందువులు వేరుచేస్తాయి.
# ఆదేశాల పాఠం
# ఫలితాలను అందుకునే చలరాశులు
# ఆదేశాలకు అందించే విలువలు
# ఆదేశాల వలన చెరిగిపోయే రిజిస్టర్లు మొదలైనవి

కోడును ఆంగ్ల లిపిలోనే రాయాలి. దానిని చదివే తీరు ఇది:

: యాస్మ్ ("యాడ్‌ఎల్ %1, %0" : "+ఆర్" (ఎ) : "ఆర్" (బి) : "సీసీ");

ఇక్కడ %0 అంటే మొదటి చలరాశి "ఎ", %1 అంటే రెండవది "బి". "ఆర్" అనగా ఆ విలువను ఏదైనా ఒక రిజిస్టరులో ఉంచమని అర్థం. "ఎమ్" అయితే మెమరీలో ఉంచాలి. "=" గుర్తు రాయడానికి మాత్రమే, "+" గుర్తు చదివి రాయడానికి. "సీసీ" అనగా ఫ్లాగులు మారతాయని సూచన. ఫలితంగా "ఎ"కు "బి" కలుస్తుంది.

== జాగ్రత్తలు ==
జీసీసీ ఆదేశాల అర్థాన్ని పరిశీలించదు. మిగిలిన మూడు భాగాల్లో ప్రోగ్రామరు చెప్పినదానినే నమ్ముతుంది. మారే రిజిస్టరును నాలుగవ భాగంలో పేర్కొనకపోతే, అందులో కంపైలరు దాచిన మరో విలువ చెడిపోవచ్చు. ఇటువంటి ప్రోగ్రాము ఆప్టిమైజేషన్ లేనపుడు సరిగా నడిచి, ఆప్టిమైజేషన్ పెంచగానే తప్పుడు ఫలితాలు ఇవ్వవచ్చు. ఫలితం ఎక్కడా వాడని ఆదేశాన్ని కంపైలరు తొలగించవచ్చు. దీనిని "వోలటైల్" అనే పదం నివారిస్తుంది.

ఆదేశమేదీ లేకుండా, నాలుగవ భాగంలో "మెమరీ" అని మాత్రమే రాసే వాక్యం కూడా ఉపయోగకరమే. మెమరీ చదవడం, రాయడం ఆ గీత దాటి ముందువెనుకలు కాకుండా అది కంపైలరును ఆపుతుంది. లినక్సు కెర్నలులో ఈ పద్ధతి వాడుకలో ఉంది.

== ఇవి కూడా చూడండి ==
* సి ప్రోగ్రామింగ్ భాష
* అసెంబ్లీ భాష
* కంపైలరు